మాగ్నీటో కాకముందు మాక్స్

ఈ కామిక్‌లో ఎవరూ గాల్లో ఎగరరు. మాస్కు లేదు, కేప్ లేదు, మేడల మీద పోట్లాట లేదు. అచ్చేసింది మార్వెల్ కంపెనీ, అట్ట మీదున్న పేరు పేరుమోసిన విలన్‌ది. లోపల మాత్రం ఒక పిల్లవాడు, వాడి ఇంటిల్లిపాదీ, ఒక బడి, ఒక మంచి పంతులు. పుస్తకం పేరు 'మాగ్నీటో టెస్టమెంట్'. టెస్టమెంట్‌ని వసీయత్ అనుకోవచ్చు, గవాహీ అనుకోవచ్చు. రెండుసార్లు చదివాక నాకు గవాహీ అన్నదే సరిపోయిందనిపించింది.

మాగ్నీటో ఎవరో మన ఇళ్ళలో పిల్లలకి చెప్పక్కర్లేదు. పెద్దలకి చెప్పాలి. ఇనుము వాడి మాట వింటుంది. తుపాకీ గుళ్ళని గాల్లో ఆపేస్తాడు, వంతెనల్ని పెకలిస్తాడు. 1963లో స్టాన్ లీ, జాక్ కిర్బీ ఎక్స్‌మెన్ మొదటి సంచికలోనే వాణ్ణి పుట్టించారు. అప్పుడు వాడు ఉత్త విలన్. ఎందుకు అంత కోపం, ఎవరి మీద కోపం అని ఎవరూ అడగలేదు. 1981లో క్రిస్ క్లేర్‌మాంట్ అనే రచయిత 150వ సంచికలో వాడి నోట ఆష్‌విట్జ్ మాట పలికించాడు. హిట్లర్ నాజీలు పోలెండ్‌లో కట్టిన మరణ శిబిరం అది. అక్కడినుంచి ప్రాణాలతో బయటపడ్డ పిల్లాడే మాగ్నీటో అన్నాడు. ఇంకో ఇరవై ఏడేళ్ళకి, 2008–09లో, గ్రెగ్ పాక్ ఆ పిల్లాడి కథ మొత్తం రాశాడు. బొమ్మలు కార్మినే డి జాండొమెనికో గీశాడు, ఇటలీవాడు. ఐదు సంచికలు వచ్చాయి. ఆ ఐదూ కలిపి కుట్టిన పుస్తకమే నా దగ్గరున్నది.

బెజవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో దొరికింది నాకు, 2012లో. ఇంజినీరింగ్ ఎంట్రన్స్ గైడ్ల దొంతర కింద నలుగుతోంది. నూట యాభై అంటే నూట ఇరవైకి బేరమాడి తెచ్చుకున్నాను. నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. కుడి నుంచి ఎడమకి పరిగెత్తే కళ్ళు నావి. డిగ్రీలో తెలుగు తీసుకుంటే మా మొహల్లాలో నవ్వారు. ఇంగ్లీషు అన్నిటికంటే ఆలస్యంగా, డిక్షనరీ చంకలో పెట్టుకుని వచ్చింది. బొమ్మలున్నాయి కదా అని ధైర్యం చేశాను. మొదటిసారి చదివినప్పుడు కథ అర్థమైంది, గుండె బరువెక్కింది, అటక మీద పెట్టేశాను.

అటక మీద పెట్టడమే దాన్ని కాపాడింది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు మా సింగ్‌నగర్ వైపు ఇళ్ళలోకి వచ్చింది గుర్తుందిగా. కింది అరల్లో ఉన్న నా ఉర్దూ పుస్తకాలన్నీ పిండి ముద్దలయ్యాయి. దాదీమా చేతి ముసాఫ్‌ని ఆపా నెత్తిన పెట్టుకుని మేడెక్కింది కాబట్టి అది మిగిలింది. మాగ్నీటో పైన ఉన్నాడు గనక తడవలేదు గానీ ఆ చెమ్మకి కాగితాలన్నీ అలల్లా వంకర్లు తిరిగాయి.

మళ్ళీ దాన్ని కిందికి దించాల్సి వచ్చింది మా భాంజా వల్ల.

ఆపా కొడుకు. ఇంజినీరింగ్ రెండో ఏడు. 2025 ఏప్రిల్‌లో పహల్గామ్‌లో ఆ అమాయకుల్ని చంపిన వార్త వచ్చినరోజు ఇంట్లో అందరికంటే ఎక్కువ ఏడ్చినవాడు వాడే. మర్నాడు వాళ్ళ క్లాసు వాట్సాప్ గ్రూపులో ఎవరో వాడి ఫోటోని స్టిక్కర్ చేశారు. నెత్తిన టోపీ, కళ్ళకి సుర్మా, చేతిలో తుపాకీ. కింద 'మనవాడే' అని రాసి నవ్వుతున్న బొమ్మలు. రెండేళ్ళుగా మా ఇంట్లో దస్తర్‌ఖాన్ మీద కూర్చుని బిర్యానీ తిన్న కుర్రాడు కూడా దానికి నవ్వు పెట్టాడు. భాంజా గ్రూపులోంచి బయటికి రాలేదు, తిట్టలేదు. ఖామోష్ అయిపోయాడు. పదిరోజుల తర్వాత ఒక పార్సిల్ వచ్చింది. నల్ల టీషర్టు, దాని మీద ఇంగ్లీషులో 'మాగ్నీటో వాజ్ రైట్'. మాగ్నీటో చెప్పిందే నిజమని.

ఈ మాట కూడా కామిక్స్‌లోంచి వచ్చిందే. ఎక్స్‌మెన్ కథల్లో క్వెంటిన్ క్వైర్ అనే పొగరుబోతు కుర్రాడు ఆ చొక్కా వేసుకుంటాడు. ఇప్పుడది దునియా అంతా అమ్ముడుపోతోంది. అందరితో కలిసి బతకొచ్చు అంటాడు ప్రొఫెసర్ జేవియర్. వాళ్ళు నిన్ను ఎప్పటికీ బతకనివ్వరు, ముందు నువ్వే కొట్టు అంటాడు మాగ్నీటో. పందొమ్మిదేళ్ళ కుర్రాడికి ఎవరి మాట చెవికెక్కుతుందో మీరే చెప్పండి.

ఇక వాడి ముందు కూర్చుని హితబోధ చెయ్యడం నాకు చేతకాలేదు. "ఇది చదివావా?" అని పుస్తకం చేతికిచ్చాను. వాడు చదివేలోపు నేనూ ఇంకోసారి చదివాను. రాత్రి ఇషా తర్వాత ఒకళ్ళం, పొద్దున ఒకళ్ళం.

కథ 1935లో, జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో మొదలవుతుంది. పిల్లాడి పేరు మాక్స్ ఐజెన్‌హార్ట్. యహూదీ కుటుంబం. తండ్రి పేరు యాకోబ్, అంటే మన యాకూబ్. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ తరఫున పోరాడి పతకం తెచ్చుకున్నవాడు. నగల పని చేస్తాడు. మాక్స్ బళ్ళో ఈటె విసరడంలో గెలుస్తాడు. మెచ్చుకోవడం మాట అటుంచి, ఆ గెలుపే వాడి తప్పయిపోతుంది. బడిలోంచి వెళ్ళగొడతారు. బడి ఊడ్చే ఆవిడ కూతురు మాగ్డా. రోమా జాతి పిల్ల. దేశదిమ్మరులని నాజీలు వాళ్ళనీ యహూదీలతో పాటే ఏరేశారు. ఆ పిల్లకి వీడు వెండి గొలుసు చేసిస్తాడు. ఇంతే. మొదటి సంచిక నిండా ఇలాంటి చిన్న చిన్న సంగతులే.

అదే ఏడు న్యూరెంబర్గ్ చట్టాలు వచ్చాయి. యహూదీలకి పౌరసత్వం పోయింది. 1938 నవంబరులో ఒక రాత్రి వాళ్ళ దుకాణాలూ ప్రార్థనాలయాలూ పగలగొట్టారు, తగలబెట్టారు. మాక్స్ కుటుంబం పోలెండ్‌కి పారిపోతుంది. పోలెండ్‌నీ నాజీలు ఆక్రమిస్తారు. వార్సా ఘెట్టో. ఆకలి. చివరికి ఇంటిల్లిపాదినీ వరసగా నిలబెట్టి కాల్చేస్తారు, మాక్స్ ఒక్కడే బతుకుతాడు. ఎలా బతికాడో పుస్తకం తేల్చి చెప్పదు. ఇనుము వాడి మాట వింటుందని మనకి తెలుసు, వాడికింకా తెలీదు.

యాకూబ్ పతకం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. దేశం కోసం రక్తం కార్చినవాణ్ణి, నన్నేం చేస్తారు అన్న నమ్మకం ఆయనది. చుట్టుపక్కలవాళ్ళు వెళ్ళిపోదామంటున్నా ఆ పతకం ఆయన్ని ఆపుతుంది. 2019 డిసెంబరు, 2020 జనవరి నెలల్లో మా ఇంట్లో ఇనప సందూక్ తెరుచుకుంది. మీ ఇళ్ళలోనూ తెరుచుకునే ఉంటుంది. దాదా రైల్వే పాసు, అబ్బా బడి టీసీ, పంజా సెంటర్ పాత ఇంటి పన్ను రసీదులు. అన్నీ చాప మీద పరిచి అబ్బా వాటిని వరసగా పేర్చేవారు, ఎవరో రేపు వచ్చి అడుగుతారన్నట్టు. టీసీలో పేరు ఒకలా, రేషన్ కార్డులో ఇంకోలా ఉంటే మూడుసార్లు మీసేవకి తిరిగారు. ఆ జర్మనీ, మన దేశం ఒకటే అని నేను అనడం లేదు. అలా అనడం ఆ చచ్చినవాళ్ళకి కూడా అన్యాయం. కానీ బాపు చేతిలో కాగజ్ ఎందుకు వణుకుతోందో చూసే కొడుకు కళ్ళు మాత్రం ఒకటే. మాక్స్ ఆ కళ్ళతోనే చూస్తాడు.

తర్వాత ఆష్‌విట్జ్. అక్కడ మాక్స్‌ని సోండర్‌కమాండోలో వేస్తారు. అంటే ఖైదీల్లోంచే కొందరిని ఏరి, విషవాయువు గదుల్లోంచి శవాలు బయటికి లాగే పని, కాల్చే పని చేయించేవారు. చెయ్యకపోతే చావు, చేసినా కొన్నాళ్ళకి చావు. బొమ్మలు గీసినవాడు ఇక్కడ రక్తం చూపించలేదు. రెండు పేజీల నిండా కళ్ళజోళ్ళ గుట్ట గీశాడు, దాని ముందు మాక్స్. నేను ఆ పేజీ తిప్పలేకపోయాను. బుడమేరు తగ్గాక మా సందు చివర చెప్పుల గుట్ట చూశాను. ఎవరి ప్రాణమూ పోయిన చెప్పులు కావవి, నీళ్ళు మోసుకొచ్చిన చెప్పులు. అయినా ఆ రోజు అన్నం సహించలేదు.

1944 అక్టోబరు 7న సోండర్‌కమాండో ఖైదీలు నిజంగానే తిరగబడ్డారు. ఒక దహనశాలని ధ్వంసం చేశారు. దాదాపు అందరూ చచ్చిపోయారు. వాళ్ళలో జల్మాన్ గ్రాదోవ్‌స్కీ అనే ఆయన తను చూసిందంతా రాసి అక్కడి మట్టిలో పాతిపెట్టాడు. ఆయన పోయాక, యుద్ధం చివర్లో ఆ కాగితాలు దొరికాయి. కామిక్‌లో మాక్స్ కూడా అలాగే రాసి పాతిపెడతాడు. దొరికినవాళ్ళని ఉద్దేశించి రాసిన ఆ ఉత్తరంతోనే పుస్తకం ముగుస్తుంది. పుస్తకం అయిపోయేదాకా వాడు మాగ్నీటో కాడు. ఎవరిమీదా బదలా తీర్చుకోడు. ఎక్కడా ఒక్క మేకు కూడా గాల్లోకి లేవదు.

ఇక్కడే భాంజాకి చిర్రెత్తుకొచ్చింది. "అసలు సంగతి లేదేంటి మామూ? విలన్ ఎలా అయ్యాడో చెప్పలేదు కదా!"

వాడి సవాల్ నాకు నచ్చింది. ఎందుకంటే విలన్ల పుట్టుపూర్వోత్తరాలు చెప్పడం మన డెల్టాకి కొత్త కాదు. గుడివాడ దగ్గర అంగలూరులో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి కౌరవుల పక్షం వహించి 'కురుక్షేత్ర సంగ్రామం' నాటకం రాశారు. నిమ్మకూరు నుంచి వెళ్ళిన రామారావు 1977 సంక్రాంతికి 'దానవీరశూర కర్ణ' తీసి, కృష్ణుడూ కర్ణుడూ తానే వేసి, సుయోధనుడు కూడా తానే వేశారు. దాదాపు నాలుగు గంటల సినిమా. జనం ఇంటికి మోసుకెళ్ళింది మాత్రం సుయోధనుణ్ణే. మా అబ్బాకి తెలుగు చదవడం రాదు. పంజా సెంటర్ చాయ్ హోటల్లో కేసెట్ విని విని కొండవీటి వెంకటకవి రాసిన ఆ డైలాగులు తప్పు లేకుండా చెప్పేవారు, రాగం ఒక్కటే కాస్త నాతుల వైపు పోయేది. కులం అడిగి కర్ణుణ్ణి కించపరిచిన సభలో, లేచి నిలబడి రాజ్యం ఇచ్చినవాడు సుయోధనుడు. అబ్బా కళ్ళలో నీళ్ళు తిరిగేది అక్కడే. ఆ సుయోధనుడే ఇంకో సభలో ఒక ఆడమనిషిని ఈడ్పించాడు. ఆ సీను ముందు అబ్బా చాయ్ కోసం లేచేవారు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

దాదీమా దగ్గర ఇంకో విలన్ కథ ఉండేది. అందరికంటే పాతది. ఇబ్లీస్ వేల ఏళ్ళు ఇబాదత్ చేశాడు, ఫరిష్తాల మధ్య తిరిగాడు. ఆదమ్‌కి సజ్దా చెయ్యమంటే చెయ్యనన్నాడు. నేను నిప్పుతో పుట్టాను, వీడు మట్టి, నేనే గొప్ప అన్నాడు. చిన్నప్పుడు నేను అడిగాను, "అంతకుముందు వాణ్ణి ఎవరైనా కొట్టారా దాదీమా?" అని. "వాడిమీద ఎవడూ జుల్మ్ చెయ్యలేదు బేటా, వాడికి తకబ్బుర్ తప్ప ఇంకో రోగం లేదు" అనేది. పాతకాలం విలన్‌కి గాయం అక్కర్లేదన్నమాట. ఇప్పటి విలన్‌కి గాయం లేకపోతే సినిమా వాళ్ళు డబ్బు పెట్టరు. ఇక్బాల్ కూడా జిబ్రయీల్‌నీ ఇబ్లీస్‌నీ ఎదురెదురుగా నిలబెట్టి నజ్మ్ రాసి, మాటల పదునంతా ఇబ్లీస్‌కే ఇచ్చాడు. విన్నంతసేపూ వాడే గెలిచాడనిపిస్తుంది. విలన్‌తో వచ్చిన చిక్కే అది, వకాలత్ బాగా చేసుకుంటాడు.

మొహర్రంలో దాదీమా హజ్రత్ హుర్ కథ చెప్పేది. ఇమామ్ హుస్సేన్ దారికి మొదట అడ్డం పడిన సర్దార్ ఆయనే. ఆషూరా పొద్దున గుర్రం తిప్పుకుని ఇవతలి వైపు వచ్చి ప్రాణమిచ్చాడు. అంతకుముందు ఆయన బచ్‌పన్ ఏమిటో, ఎవరు ఏం నేర్పారో దాదీమా ఎప్పుడూ చెప్పలేదు. గుర్రం తిప్పిన సంగతే చెప్పేది.

భాంజాకి ఇవన్నీ చెప్తే, "అంటే గాయానికి ఏ లెక్కా లేదంటావా?" అన్నాడు. ఉంది. లేకపోతే ఈ పుస్తకం ఎందుకు? కానీ మనిషి పుట్టుపూర్వోత్తరాలు చెప్పే పనిలో ఎంత మోసం జరగొచ్చో నేను దగ్గర్నుంచి చూశాను. అది వాడికి చెప్పాల్సి వచ్చింది.

నేను పత్రికల్లోకి వచ్చిన కొత్త. ఎక్కడ బాంబు పేలినా మర్నాటి పేజీలో ఒక బాక్సు ఉండేది. పట్టుబడ్డవాడి పేరు, ఊరు, బాప్ ఏం పని చేస్తాడు, ఏ మదర్సాలో చదివాడు, గడ్డం ఎప్పుడు పెంచాడు. కోర్టు ఇంకా నిందితుడనే అంటుంది, ఆ బాక్సు మాత్రం విలన్ ఎలా తయారయ్యాడో సాంతం చెప్పేసేది. ఒకసారి రాత్రి డ్యూటీలో డెస్క్ పెద్ద నా దగ్గరికి ఒక ఫోటో తెచ్చారు. ఎవరో కుర్రాడి గదిలో దొరికిన ఉర్దూ కాగితాలు. "నీకు ఉర్దూ వచ్చుగా, ఇందులో ఏం రాసుందో చూడు" అన్నారు. చూశాను. షాదీ రుఖా అది. ఎవరి చెల్లెలిదో నిఖా, తర్వాత వలీమా, ఫంక్షన్ హాలు పేరు, కింద బంధువుల పేర్లు. చదివి వినిపించాను. ఆయన నవ్వారు, "అయితే ఫోటో వద్దులే" అన్నారు. ఫోటో తీసేశారు. బాక్సు అలాగే వెళ్ళింది, 'ఉర్దూ పత్రాలు స్వాధీనం' అన్న ముక్కతో సహా. ఆ రాత్రి నేను చదివింది చదివినట్టు ఒక తెల్లకాగితం మీద తెలుగులో రాసి, తేదీ వేసి ఆయన బల్ల మీద పెట్టి వచ్చాను. దానికి జవాబ్ రాలేదు.

2007 మే 18, జుమా రోజు హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలింది. ఆ తర్వాత పోలీసులు పదుల సంఖ్యలో ముస్లిం కుర్రాళ్ళని పట్టుకెళ్ళారు. వాళ్ళమీద కేసులు నిలబడలేదు, బయటికొచ్చారు. 2012 జనవరిలో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 70 మందికి పరిహారం ఇచ్చింది. జైల్లో మగ్గి నిర్దోషులుగా తేలిన 20 మందికి మూడేసి లక్షలు, పట్టుకెళ్ళి వదిలేసిన 50 మందికి ఇరవయ్యేసి వేలు. దాంతోపాటు మంచివాడే అని సర్కారు ముద్ర వేసిన క్యారెక్టర్ సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. మరుసటేడు హైకోర్టు ఆ పరిహారం చెల్లదంది. వాళ్ళలో ఒక్కడు కూడా విలన్ కాలేదని నేను అనుకుంటాను. కాలేదు గనకే వాళ్ళమీద ఎవరూ కామిక్ రాయలేదు. చెయ్యని పనికి ముందు పుట్టుపూర్వోత్తరాలు రాసి, తర్వాత మంచివాడివని సర్టిఫికెట్ రాసిచ్చారు. రెండుసార్లూ వాళ్ళ కథ వాళ్ళ చేతిలో లేదు.

గ్రెగ్ పాక్ చేసిన పని నాకు రెండోసారికి గానీ అర్థం కాలేదు. ఆయన విలన్ దాకా కథని తీసుకెళ్ళలేదు. తీసుకెళ్ళి ఉంటే ఆష్‌విట్జ్ అనేది ఒక విలన్‌ని తయారుచేసే కార్ఖానా అయిపోయేది, లక్షలమంది చావు ఒక్కడి కోపానికి ముందుమాట అయిపోయేది. పుస్తకం చివర పేజీలకు పేజీలు ఆధారాలున్నాయి, ఏ బొమ్మ వెనక ఏ చారిత్రక సంగతి ఉందో. అఖ్బార్‌వాణ్ణి కదా, నాకు కథ కంటే అవి ఎక్కువ నచ్చాయి.

వాటితోపాటు ఇంకో చిన్న బొమ్మల కథ కూడా ఉంది, ఇది పూర్తిగా నిజం. దీనా గోట్లిబోవా అనే యువతి. చెక్ దేశపు యహూదీ, చిత్రకారిణి. శిబిరంలో పిల్లలుండే బారక్ గోడ మీద, ఆ పిల్లల కోసం స్నోవైట్ బొమ్మ వేసింది. అది తెలిసి మెంగలే అనే నాజీ డాక్టరు ఆమెని పిలిపించి రోమా ఖైదీల ముఖాలు గీయించాడు. వాళ్ళ చర్మం రంగు ఫోటోల్లో సరిగా రావడం లేదట, వాడి పరీక్షలకి అది కావాలి. ఆ బొమ్మల పుణ్యాన ఆమే, ఆమె తల్లీ బతికారు. 1944 ఆగస్టు 2 రాత్రి శిబిరంలోని రోమా ఖైదీల్ని వేలమందిని చంపేశారు. ఆమె గీసిన ముఖాల్లో ఏడు మిగిలాయి. ఆష్‌విట్జ్ మ్యూజియంలో ఉన్నాయి. నా బొమ్మలు నాకివ్వండి అని ఆమె దశాబ్దాలపాటు అడిగింది, అవి మ్యూజియంవేనన్నారు. 2009లో అమెరికాలో చనిపోయింది. నీల్ ఆడమ్స్ గీసిన ఆ ఆరు పేజీల కథ చదివి భాంజా, "ఈమె ఎందుకు విలన్ కాలేదు మామూ?" అన్నాడు. నేను ఏమీ అనలేదు. వాడే అడిగాడు, వాడే కాసేపు ఆలోచించుకున్నాడు.

ఇంతదాకా చదివినవాళ్ళలో చాలామంది మనసులో గాజా మెదులుతుంటుంది. నా మనసులోనూ మెదిలింది. యహూదీల కథ మనకెందుకు అని మా అమ్మీ మొదటిరోజే అడిగింది. మజ్లూమ్‌కి మజహబ్ ఏంటి అమ్మీ అన్నాను గానీ, అది మసీదు మైకులో చెప్పే మాటలాగే వినపడింది నాకే. టీవీలో కూలిన ఇళ్ళ కింద పిల్లల్ని లాగుతుంటే చూసి, ఆ పూటే ఈ పుస్తకం తెరిస్తే చెయ్యి ఆగుతుంది. నిన్నటి మజ్లూమ్ ఇవాళ జాలిమ్ అయితే ఎలా అన్న ప్రశ్న ఎవరికైనా వస్తుంది. కామిక్స్‌లో మాగ్నీటో కూడా జెనోషా అనే ద్వీపం తీసుకుని తనవాళ్ళకి దేశం కడతాడు. పోలిక నోటిదాకా వస్తుంది. కానీ ఆగాలి. బాంబులేసే హుకూమత్ వేరు, ఒక కౌమ్ వేరు. ఒక కౌమ్ మొత్తాన్నీ ఒక్క విలన్ చొక్కాలో దూర్చడం ఏమిటో భాంజా ఫోటో మీద స్టిక్కర్ వేసినవాళ్ళు చేసి చూపించారు కదా. ఒక జాతి మీద ఉన్న పగ మిమ్మల్ని ఇన్సాఫ్ తప్పేలా చెయ్యకూడదన్న హుకుమ్ సూరా మాయిదాలో ఉంది, ఖుత్బాలో వింటూనే ఉంటాం. వినడం సులువు. వార్సా ఘెట్టో పిల్లాడి కోసం, గాజా పిల్లాడి కోసం ఒకే రాత్రి ఏడవడం సులువు కాదు. మా ఇంట్లో ఆ వారం అది జరిగింది, అంతవరకు చెప్పగలను.

"అయితే మాగ్నీటో చెప్పింది తప్పంటావా?" భాంజా వదల్లేదు. చొక్కా డబ్బులు పెట్టి కొన్నాడు కదా.

"వాడు చూసింది నిజం రా. బతకనివ్వరన్నది వాడు కళ్ళారా చూశాడు."

"మరి?"

"ఆ స్టిక్కర్‌కి నవ్వు పెట్టినవాణ్ణి ఏం చెయ్యాలనుంది నీకు?"

చాలాసేపు మాట్లాడలేదు. "వాడు సారీ చెప్పాలని లేదు. మళ్ళీ బిర్యానీకి రావాలని కూడా లేదు. నేను ఏడ్చానని వాడికి తెలియాలి" అన్నాడు.

వాడి గుస్సా నాకు తక్కువగా కనపడలేదు. సబర్ చెయ్యి అని నేను అనలేదు. మన పిల్లలకి ఆ మాట చెప్పి చెప్పి అరగదీశాం. రాసిపెట్టు అన్నాను. తేదీ వేసి, ఎవరు ఏమన్నారో, నువ్వేమన్నావో, ఎవరు మాట్లాడకుండా ఊరుకున్నారో. కాలేజీకి ఇస్తావా, ఆ కుర్రాడికే పంపుతావా, దాచుకుంటావా, అది తర్వాత. వాడు ఫోన్లో రాయబోయి, మళ్ళీ ఏమనుకున్నాడో నోటుబుక్కు తీశాడు.

అమ్మీకి చదువు రాదు. రెండు రోజులుగా మేమిద్దరం ఈ పుస్తకం మీద గొడవపడుతుంటే దూరం నుంచి వింటోంది. మగ్రిబ్ అయ్యాక వచ్చి భాంజా పక్కన కూర్చుని బొమ్మలు చూపించమంది. వాడు పేజీలు తిప్పుతూ సగం ఉర్దూ, సగం తెలుగులో చెప్పాడు. పతకం బొమ్మ దగ్గర ఆమె నా వైపు ఒకసారి చూసింది. కళ్ళజోళ్ళ పేజీని వాడు గబగబా తిప్పేశాడు. మాగ్డా మళ్ళీ కనపడేసరికి, "ఈ పిల్ల బతికిందా?" అంది.

"బతికింది నానీ. వాడే తప్పించాడు. ఇద్దరికీ షాదీ అయింది, ఒక పాప పుట్టింది. అది వేరే పుస్తకంలో ఉంటుంది."

"అల్హమ్దులిల్లా."

"ఇల్లు తగలబడి పాప చచ్చిపోయింది నానీ. కాపాడబోతే జనం అడ్డుపడ్డారు. వీడికి కోపమొచ్చి అక్కడున్నవాళ్ళందర్నీ చంపేశాడు. అప్పుడే అయ్యాడు మాగ్నీటో."

అమ్మీ దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుంది. "మరి ఆ పిల్ల?"

"వాణ్ణి చూసి భయపడి పారిపోయింది. మళ్ళీ రాలేదు."

"అంతగా చూసుకున్నవాణ్ణి వదిలేసి వెళ్ళిపోయిందా? వెళ్ళేటప్పుడు వాడితో ఏమంది?"

భాంజా వెనక పేజీలు తిప్పాడు, ముందుకి తిప్పాడు. "ఇందులో లేదు నానీ" అన్నాడు.